గోడ కడిగిన పిల్లాడు: బడికి ముందు ఏడాది పిల్లల్ని ఎలా సిద్ధం చేయాలి

నాలుగున్నరేళ్ళ తెలుగు పిల్లాడు, ఒడియా బడిలో చేరిన మొదటి వారం. బయట ఆడి మట్టికాళ్ళతో లోపలికి వస్తుంటే గురుమా (అక్కడ టీచరమ్మని అలా అంటారు) "గోడ ధుఅ" అన్నారు. వాడు బుద్ధిగా కుళాయి దగ్గరికి వెళ్ళి, దోసిట్లో నీళ్ళు పట్టుకొచ్చి, తరగతి గోడకి పులిమాడు. చాల్లేదేమో అనుకుని ఇంకోసారి తెచ్చాడు. గది గదంతా నవ్వింది. వాడు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి "నేను కడిగాను కదా" అన్నాడట. ఒడియాలో గోడ అంటే కాలు, ధుఅ అంటే కడుక్కో. పోనీ "కాలి" అంటే కాలికి సంబంధించినదా అంటే కాదు, ఒడియాలో కాలి అంటే రేపు, లేదా నిన్న.

ఆ పిల్లాడు మూడు నెలలు నా దగ్గర చదివి వెళ్ళినవాడే. అ నుంచి ఱ దాకా గడగడా చెప్పేవాడు, వందదాకా అంకెలు చెప్పేవాడు. వాళ్ళమ్మ సంతోషంగా ఉంది, నేనూ గర్వంగానే ఉన్నాను. కాళ్ళు కడుక్కోమంటే అర్థమయ్యే మాట మాత్రం నేర్పలేదు. అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో, ఆ మాటకొస్తే గుణుపురం, కాశీనగరం, రాయగడ, బరంపురం ఎక్కడైనా, తెలుగింటి పిల్లని ఒడియా బడికో ఇంగ్లీషు బడికో పంపబోయే వాళ్ళకి ఇది పనికొస్తుంది. మీరు తల్లి కావచ్చు, నాలాగా వసారాలో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకునే టీచరమ్మ కావచ్చు. ఏ అడుగు ముందో ఏది వెనకో చెప్తాను. అక్షరాలు చాలా వెనక వస్తాయి, కంగారు పడకండి.

ముందు నెలలు లెక్కపెట్టుకోండి

ఒడిశాలో బడి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో మీ తోటికోడలి పిల్లలు జూన్‌లో చేరతారు. "ఇంకా టైముందిలే" అని వాళ్ళని చూసి అనుకుంటే రెండు నెలలు వెనకబడతారు. ఎండాకాలంలో ఇక్కడ పొద్దుటి బడి కాబట్టి, అప్పటికే పిల్లకి తొందరగా పడుకుని తొందరగా లేచే అలవాటు ఉండాలి. ఈ అలవాటు ఫిబ్రవరి నుంచే మొదలుపెట్టండి. మార్చి ఆఖరి వారంలో మొదలుపెడితే పిల్లతోపాటు ఇల్లంతా ఏడుస్తుంది.

వయసు విషయం. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా చూస్తుంది, ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలంటుంది. అంతకుముందు అంగన్‌వాడీ ఉంది, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో శిశు వాటిక ఉంది, ప్రైవేటులో ఎల్‌కేజీ, యూకేజీ ఉన్నాయి. ఏ తేదీకి ఎన్నేళ్ళు నిండాలో మీరు చేర్చబోయే బడిలోనే అడిగి రాసుకోండి. నాలుగు నెలలు తక్కువైందని పుట్టినరోజు మార్చి చెప్పే పని మాత్రం చేయకండి. ఈ వయసులో నాలుగు నెలలంటే చిన్న తేడా కాదు. తరగతిలో అందరికంటే చిన్నగా ఉండే పిల్ల ఎంత తెలివైనదైనా పెన్సిలు పట్టుకోవడంలో, టాయిలెట్ చెప్పడంలో వెనకే ఉంటుంది. ఆ సంగతి ఆ పిల్లకి తెలియదు, తనకి ఏమీ రాదనుకుంటుంది.

మొదటి వారం: ఏడుపు

మీరు టీచరైతే ఈ వారం పాఠం పెట్టుకోకండి. తల్లి అయితే ఒక్కటే నియమం: చెప్పకుండా జారుకోవద్దు. పిల్ల బొమ్మ వైపు తిరగ్గానే వెనక గుమ్మంలోంచి మాయమయ్యే తల్లుల్ని చాలామందిని చూశాను. ఆ రోజు గడుస్తుంది. మర్నాటి నుంచి పిల్ల బొమ్మ వైపు చూడడం మానేసి తల్లి కొంగువైపే చూస్తుంది.

"నేను వెళ్తున్నాను, నువ్వు అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి, ఒక ముద్దు పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళండి. "పదకొండున్నరకి వస్తా" అంటే నాలుగేళ్ళ పిల్లకి ఏమీ తెలియదు. "అన్నం తిన్నాక" అంటే తెలుస్తుంది. చెప్పిన టైముకి రండి. పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మం దగ్గర నిలబడి ఉండే ఆ ముఖం చూడలేం.

నా దగ్గర ఒక పాప రోజూ వాళ్ళ నాయనమ్మ చేతిరుమాలు తెచ్చుకునేది. దాంట్లో తమలపాకు వాసన. ఏడుపు వస్తే రుమాలు ముక్కుకి పెట్టుకునేది, తగ్గేది. మూడో వారం రుమాలు మర్చిపోయి వచ్చింది, మధ్యాహ్నం దాకా తనకే గుర్తు రాలేదు. అలాంటి వస్తువు ఏదైనా ఉంటే తెచ్చుకోనివ్వండి, "పెద్దదానివయ్యావు" అని లాక్కోకండి.

తర్వాత: ఎనిమిది ఒడియా మాటలు

ఇది నేను గోడ సంగతి తర్వాత చేసుకున్న జాబితా. కవితలూ వద్దు, జంతువుల పేర్లూ వద్దు. పిల్లకి అవసరం తీరే మాటలు ముందు కావాలి:

మో నా ఫలానా (నా పేరు). శోష లాగుఛి (దాహమేస్తోంది). పరిస్రా లాగుఛి (ఒంటేలు వస్తోంది). పేట బింధుఛి (కడుపు నొప్పి). ఆఉ టికే దిఅ (ఇంకొంచెం పెట్టండి). సే మోతే మారిలా (వాడు నన్ను కొట్టాడు). బుఝిలి నాహిఁ (అర్థం కాలేదు). మా పాఖకు జిబి (అమ్మ దగ్గరికి వెళ్తాను).

వీటిలో రెండోదీ మూడోదీ రాకుండా పిల్లని బడికి పంపకండి. అడగడం రాక తడిపేసుకున్న పిల్ల ఆ బడిని ఏడాది పాటు అసహ్యించుకుంటుంది.

అలాగే గురుమా చెప్పే మాటలు: ఆస (రా), బస (కూర్చో), ఠియా హుఅ (నిలబడు), హాత ధుఅ (చెయ్యి కడుక్కో), గోడ ధుఅ (కాళ్ళు కడుక్కో). వీటిని పలకమీద రాసి నేర్పితే రావు. ఆటలో పెట్టండి. నేను మధ్యలో నిలబడి "బస" అంటాను, అందరూ కూర్చుంటారు. "ఠియా హుఅ" అంటే లేస్తారు. "గోడ" అనగానే అందరూ కాలు పట్టుకోవాలి, ఎవరైనా గోడ ముట్టుకుంటే అవుట్. ఈ ఒక్క ఆటే పావుగంట నడుస్తుంది, పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఒడియాలో మాట చివర "ఒ" లాంటి శబ్దం వస్తుంది, గోడొ, హాతొ అన్నట్టు. పిల్లలు విని అలాగే అనేస్తారు. నలభై దాటిన మనకే నోరు తిరగదు. మీ ఒడియా అంత బాగా లేదనిపిస్తే పక్కింటి ఒడియా అమ్మాయిని రోజూ అరగంట పిలవండి, మీ పిల్ల ఆమె దగ్గర నేర్చుకున్నంత మీ దగ్గర నేర్చుకోదు. ఆమె తొక్కుడుబిళ్ళని ఖపరా డియాఁ అంటుంది, గళ్ళు ఒకటే, గెంతడమూ ఒకటే.

ఇంట్లో తెలుగు ఆపకండి

బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, టీవీలో హిందీ, ఇంకా ఇంట్లో తెలుగు కూడానా, పిల్ల తికమక పడదా అని అడుగుతారు. కొంతమంది పిల్లతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెడతారు. "కమ్ నాన్నా, వాటర్ డ్రింక్ చెయ్" అని. దయచేసి వద్దు. మీకు బాగా వచ్చిన భాషలో పిల్లతో మాట్లాడండి. కోపం, ముద్దు, కథ, వేళాకోళం అన్నీ ఆ భాషలో వింటేనే పిల్ల బుర్రలో మాటకీ అర్థానికీ ముడిపడుతుంది. ఆ ముడి ఒకసారి పడ్డాక దానిమీద రెండో భాష తేలిగ్గా ఎక్కుతుంది.

ఈ మాట మా ఊళ్ళో కొత్తదేం కాదు. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించి, వాచకాలు రాశారు. తెలుగు పిల్లలకి వాడుక భాషలో చెప్పండని పండితులతో పోట్లాడిన మనిషి సవర పిల్లలకీ అదే కావాలన్నారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిశాక ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటాం. ఆ రోజు దండలు వేసే పెద్దమనుషుల్లో కొందరు మర్నాడు మనవడితో "సే గుడ్ మార్నింగ్" అంటారు, అది వేరే సంగతి.

పిల్ల "అమ్మా, నాకు పాణి కావాలి, శోషేస్తోంది" అంటే నవ్వకండి, తిట్టకండి. కలపడం తప్పు కాదు. రెండు గిన్నెల్లోంచి ఒక్క గరిటెతో తీసుకుంటోంది, అంతే. "నీళ్ళా? దాహమేస్తోందా? ఇదుగో" అని మీరు సరైన మాటలు వాడి ఇచ్చేయండి.

ఇంకొకటి, దీన్ని చూసే చాలామంది భయపడతారు. కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లల్లో కొందరు అసలు మాట్లాడడం మానేస్తారు. ఇంట్లో వాగుడుకాయ, బడిలో మూగనోము. ఇది వారాలపాటు, ఒక్కోసారి నెలలపాటు ఉంటుంది. వింటూ ఉంటారు, పోగుచేసుకుంటూ ఉంటారు. నా దగ్గరొక పాప దసరా నుంచి సంక్రాంతి దాకా ఒక్క ఒడియా ముక్క మాట్లాడలేదు. ఒడియా ఆట ఆడుతుంటే గుమ్మం దగ్గర కూర్చుని ఫ్రాకు అంచు నములుతూ చూసేది. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు అరిసెలు పంచుతున్నాను. చెయ్యి చాచి, గొంతు సవరించుకుని "ఆఉ టికే దిఅ" అంది. అరిసె ఒక్కటే ఇస్తున్నాను, టికే ఏమిటి, ఆ రోజు ఆమెకి మూడిచ్చాను. ఈ పనిలో జీతం ఎంతో అడక్కండి. ఇలాంటి రోజుల కోసమే చేస్తాను.

ఆ పాపని ఆ మూడు నెలల్లో "మాట్లాడు, మాట్లాడు, నోట్లో ఏముంది" అని అందరిముందూ నిలబెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. మీరు మాత్రం అలా చేయకండి. అయితే తెలుగులో కూడా మాటలు రాకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే అది ఈ మౌనం కాదు. దాని గురించి తర్వాత చెప్తాను.

చేతికి పని, పెన్సిలు తర్వాత

నాలుగేళ్ళ పిల్ల వేళ్ళకి ఇంకా పట్టు రాదు. పెన్సిలు ఇస్తే గుప్పిట్లో పట్టుకుని కాగితం చిరిగేలా గీస్తుంది. ఆ గుప్పిటి పట్టు ఒకసారి అలవాటైతే మాన్పించడం నేర్పడం కంటే కష్టం. అందుకని మొదటి మూడు నెలలు నా వసారాలో పెన్సిలు ఉండదు. బదులు ఇవి:

చపాతీ పిండి ముద్దలు చేయడం, పాముల్లా సాగదీయడం. వినాయకచవితికి మట్టి తెచ్చేవాళ్ళ దగ్గర మిగిలిన బంకమట్టి ఉచితంగా దొరుకుతుంది. పాత న్యూస్‌పేపరు సన్నగా చింపడం. బట్టలకి పెట్టే క్లిప్పులు తాడుకి పెట్టడం, తీయడం. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు ఒలకకుండా పోయడం. చిక్కుడుకాయలు ఈనె తీయడం, వెల్లుల్లి పొట్టు తీయడం. మీ వంట పని కూడా తెములుతుంది.

చింతపిక్కలు ఏరి గిన్నెల్లో వేయడం మంచి పని, కానీ ఇక్కడ నా అనుభవం చెప్పాలి. ఐదేళ్ళ కిందట ఒక బాబు చింతపిక్క ముక్కులో పెట్టుకున్నాడు. నాకు టెన్షన్ వచ్చి హెయిర్‌పిన్‌తో తీయబోయాను, అది ఇంకా లోపలికి పోయింది. డాక్టరు తీశాక నన్ను ఒక్క చూపు చూశారు. మీరలా చేయకండి. ముక్కులోకి, చెవిలోకి ఏదైనా పోతే పుల్లలు, పిన్నులు పెట్టకుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. చిన్న గింజల పని పిల్లల ఎదురుగా మీరు కూర్చుంటేనే చేయించండి, మూడేళ్ళ లోపు తమ్ముడో చెల్లో దగ్గర ఉంటే అసలు వద్దు.

జీడిపిక్కలు మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. మన వైపు జీడితోటలు ఉన్నవాళ్ళ ఇళ్ళలో సీజనులో కుప్పలు ఉంటాయి, నునుపుగా ఉంటాయి కాబట్టి లెక్కపెట్టడానికి బాగుంటాయనిపిస్తుంది. పచ్చి పిక్క పెంకులో ఉండే జీడి తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ఆ చేత్తో కళ్ళు నులుముకుంటే ఇంకా ప్రమాదం.

చేతికంటే ముందు భుజం, నడుం గట్టిపడాలి. తాటిబుర్రల బండి నెట్టుకుంటూ వీధంతా తిరిగే పిల్ల, ట్యాబు ముందు కూర్చునే పిల్ల కంటే ముందే పెన్సిలు పట్టుకుంటుంది. బల్లమీద వంగి నిలకడగా కూర్చోవాలంటే నడుం కావాలి కదా.

తన పని తాను

దీనికి పాఠం అక్కర్లేదు, ఓపిక కావాలి. చెప్పులు కుడి ఎడమ చూసుకోవడం, నిక్కరు దించుకోవడం ఎక్కించుకోవడం, టిఫిన్ మూత తీయడం, ముక్కు తుడుచుకోవడం, చెయ్యి సబ్బుతో కడుక్కోవడం. బొత్తాలూ హుక్కులూ వద్దు, యూనిఫాం కుట్టించేటప్పుడు టైలరుతో ఎలాస్టిక్ వేయమనండి. టిఫిన్ డబ్బా కొనేముందు దుకాణంలోనే మూత పిల్లచేత తీయించండి. సగం డబ్బాలు మనకే రావు.

కథ, చప్పట్లు, తర్వాతే అక్షరం

రోజుకో కథ, పదినిమిషాలు. ఈ వయసులో ఒక పనిమీద ధ్యాస పది, పదిహేను నిమిషాలకి మించి నిలవదు, నలభై నిమిషాలు కూర్చోబెడితే తప్పు పిల్లలది కాదు. కథ మధ్యలో ఆపి "ఇప్పుడు నక్క ఏం చేస్తుంది?" అని అడగండి. తప్పు జవాబంటూ ఉండదు.

కథ తర్వాత చప్పట్లు. ప-ల-క, మూడు చప్పట్లు. అ-మ్మ, రెండు. పిల్లల పేర్లు చప్పట్లతో. "క"తో మొదలయ్యేవి వంటింట్లో ఏమున్నాయి? కత్తి, కందిపప్పు, కరివేపాకు. ఇదంతా నోటితోనే, రాత లేదు. చెవికి శబ్దం విడిగా వినిపించడం మొదలైతే అక్షరం ఒంటబట్టడానికి ఎంతోసేపు పట్టదు. శబ్దం తెలియకుండా అక్షరాలు దిద్దిస్తే నా గోడ పిల్లాడిలా గడగడా చెప్తారు. మధ్యలో ఒక అక్షరం చూపించి ఏమిటంటే, అ నుంచి మళ్ళీ మొదలుపెట్టి అక్కడిదాకా వస్తారు.

రాత మొదలుపెట్టే రోజు వచ్చిందనుకోండి. పలక, సుద్దముక్క తీసుకోండి. సుద్దముక్క చిన్నదిగా విరిచి ఇవ్వండి, పొడుగు ముక్కని గుప్పిటతో పట్టుకోవచ్చు, చిన్న ముక్కని మూడు వేళ్ళతో తప్ప పట్టుకోలేరు. ఇది ఖర్చులేని ఉపాయం, బాగా పనిచేస్తుంది.

"అ"తో మొదలుపెట్టాలని ఎక్కడా లేదు. అ గీయడం కష్టం. నేను గుండ్రంతో మొదలుపెడతాను. పలక నిండా ఒక పెద్ద గుండ్రం. అది సున్నా. అదే ఇంగ్లీషు ఓ. అదే ఒడియా ఠ, ఏ అలంకారమూ లేని నిండు గుండ్రం. ఇప్పుడు దాని నెత్తిన తలకట్టు పెట్టండి, తెలుగు ర అయింది. పొట్టలో చుక్క పెట్టండి, తెలుగు ఠ అయింది. ఒక్క గుండ్రంతో మూడు భాషలు. మొన్న ఒక బాబు ఇది చూసి దోసె తింటూ "అమ్మా, ఇది ఠ" అన్నాడట, తర్వాత మధ్యలో వేలితో పొడిచి "ఇప్పుడు తెలుగు ఠ" అన్నాడట. తలకట్టు మర్చిపోయాడు, పర్లేదు.

మన పక్క అక్షరాభ్యాసం వసంతపంచమికో విజయదశమికో బియ్యంలో రాయిస్తాం. ఒడియా ఇళ్ళలో గణేశ పూజనాడు ఖడిఛుఆఁ చేస్తారు, ఖడి అంటే సుద్ద. మూడు గుండ్రాలు గీసి దిద్దించి బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులంటారు. మా వీధిలో చాలామంది తెలుగు పిల్లలు రెండూ చేయించుకుంటారు, ఎందుకైనా మంచిదని. మంచిదే. గుండ్రంతో మొదలుపెట్టడం ఎంత పాత పద్ధతో చూడండి.

గుండ్రం తర్వాత గ, ప, వ, ల, త, క. వీటితో గుణింతం లేకుండానే తల, వల, కల, పలక చదవొచ్చు. అర్థమున్న మాట చదివిన రోజు పిల్ల ముఖం చూడాలి. ఒక పాప "పలక" అని పలకమీద చదివి, పలకని తిప్పి వెనక కూడా చూసింది, మాట లోపల ఎక్కడుందా అని.

ఒడియా అక్షరాలు ఏప్రిల్ తర్వాత బడి చూసుకుంటుంది. ఒక భాష అక్షరాలతో చదవడం పట్టుబడితే రెండోది దానంతట అదే సగం వస్తుంది. ఒకేసారి మూడు లిపులూ దిద్దించే ట్యూషన్లకి పంపకండి.

లెక్కలు

వంద దాకా చెప్పడం లెక్క కాదు, పాట. ఐదు ఇడ్లీలు ఉన్నాయి, నలుగురున్నారు, అందరికీ ఒక్కోటి పెట్టి ఎన్ని మిగిలాయో చెప్పమనండి. ప్రతి ఇడ్లీకీ ఒక్క అంకె, ఒక్క వేలు. వేలు ఇడ్లీమీదికి వెళ్ళేలోపల నోరు రెండంకెలు ముందుకి పోతుంటే ఆ పిల్లకి ఇంకా లెక్క రాలేదన్నమాట, పదికి మించి వెళ్ళకండి. పెద్దది చిన్నది, బరువు తేలిక, ముందు వెనక, ఇవన్నీ రోజూ బజారు సంచిలోనే ఉన్నాయి.

ఏక, దుయి, తిని, చారి, పాంచ నోటికి వస్తే చాలు. ఒడియా అంకెల రాత వేరేగా ఉంటుంది, బడి పలకమీద చూసి తికమక పడకుండా "ఇవి ఒడియా ఒకటి, ఒడియా రెండు" అని ఒకసారి బజార్లో బోర్డుమీద చూపించండి. బస్సు నంబరు చూపించినా సరే.

తల్లిదండ్రులతో (టీచరమ్మలకి)

పిల్లలతో కష్టం లేదు, కష్టమంతా గేటు దగ్గరే. "ఏటి టీచరుగారూ, మా గుంటడు రెండు నెలల్నించీ వస్తన్నాడు, పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదేటి? పిండితో ఆడుకోడానికా ఫీజు కట్టేది?" ఈ మాట ప్రతి ఏడాదీ వింటాను. మొదట్లో గొంతు పెంచేదాన్ని. ఇప్పుడు ఆ తండ్రిని లోపలికి పిలిచి తొక్క తీయని నారింజ చేతికిస్తాను, "ఎడం చేత్తో ఒలవండి" అంటాను. రెండు నిమిషాలు తంటాలు పడతాడు. "మీ వాడికి రెండు చేతులూ ఇలాగే ఉన్నాయండి ఇప్పుడు" అంటాను. ఎక్కువమంది నవ్వేస్తారు. ఒకరిద్దరు పిల్లని మాన్పించి వేరే చోట చేర్చారు, అదీ జరుగుతుంది.

వాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పండి. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పాఠ్యపుస్తకాలు అక్కర్లేదంటుంది. పుస్తకాల మోత లేదని బడిని తక్కువ చేయొద్దు.

పేరున్న ఒక బడిలో ఐదేళ్ళ పిల్లాడిని కూర్చోబెట్టి పదిహేను ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగి, సీటు లేదన్నారు. వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. ఇది తెలిసి అడిగితే కొన్నిచోట్ల మాట మారుతుంది. మారకపోతే మీ పిల్ల తప్పేం లేదని పిల్లకి చెప్పండి, మీకు మీరు కూడా చెప్పుకోండి.

ఎప్పుడు డాక్టరుకి చూపించాలి

వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం, టీవీ దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించి చూడడం, మెల్ల, నాలుగేళ్ళు దాటినా ఇంటి భాషలో వాక్యం కట్టలేకపోవడం, తోటిపిల్లల వైపు అసలు చూడకపోవడం. వీటిలో ఏది కనిపించినా "పెద్దయితే సర్దుకుంటుంది, వాళ్ళ నాన్నా అంతే" అని కూర్చోకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని చూస్తారు, ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ దిదిని అడగండి. చెవిలో గుబిలి తీయించగానే మాటలు బాగుపడ్డ బాబు నాకు తెలుసు.

ఎడమచేతి వాటం జబ్బు కాదు. సుద్దముక్క ఏ చేత్తో తీసుకుంటే ఆ చేతికే ఇవ్వండి. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు నాయనమ్మ చెయ్యి మారిస్తే మార్చనివ్వండి, రాసేటప్పుడు మాత్రం వద్దు.

మార్చి ఆఖరి వారం

బడి ముందుగా చూపించండి. సెలవురోజు గేటు దాకా నడిపించుకెళ్ళి, కుళాయి ఎక్కడ, టాయిలెట్ ఎక్కడ, చెట్టు ఎక్కడ అని. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్, అంటే ఒడిశా ఏర్పడిన రోజు, కాబట్టి చాలా బడుల్లో సందడిగా ఉంటుంది, ఆ రోజు వెళితే పాటలూ వినొచ్చు. బడి గురించి ఇంట్లో బెదిరించకండి. "ఉండు, గురుమాతో చెప్తా" అన్న ఒక్క మాట మీరు ఏడాది చేసిన పనంతా చెరిపేస్తుంది.

సంచిలో నీళ్ళ సీసా, తీయడానికి వచ్చే మూతగల డబ్బా, రుమాలు. సంచి లోపలివైపు పిల్ల పేరు, మీ ఫోను నంబరు ఒడియాలో, ఇంగ్లీషులో రాయండి. తెలుగులో కూడా రాయండి, అది గురుమాకి కాదు, పిల్ల చూసుకోవడానికి. అడుగున ఒక ప్లాస్టిక్ కవర్లో ఇంకో జత నిక్కరు పెట్టండి, దాని సంగతి పిల్లకి చెప్పండి, ఒకవేళ తడిస్తే గురుమాని అడిగి మార్చుకోవచ్చని.